బడిలో ఇచ్చే థెరపీ ఖర్చు ఎవరిది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించి ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. బిడ్డకు బడిలో కావలసిన స్పీచ్ థెరపీకో, ఫిజియోథెరపీకో ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు ఇస్తుందా, ఇవ్వదా అన్నదే ఆ ప్రశ్న. అందువల్ల ఈ నెల మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలకూ, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ నుంచి వచ్చిన ఒక ఉత్తరానికీ సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటోంది. ఏడేళ్ల మనవడికి ఆటిజం ఉంది. ప్రభుత్వ బడిలో వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఒకసారి ఇస్తున్నారు. మా అల్లుడి ఉద్యోగం పోయిన తర్వాత పిల్లవాడికి అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్సు వచ్చింది. ఇప్పుడు బడివాళ్లు ఆ ఇన్సూరెన్సుకు బిల్లు పెట్టుకోవడానికి అనుమతి అడుగుతూ ఒక కాగితం పంపారు. సంతకం పెడితే ఇన్సూరెన్సు అంతా బడిలోనే అయిపోయి రేపు ఆస్పత్రి అవసరానికి మిగలదేమోనని మా అమ్మాయి భయపడుతోంది. పెట్టకపోతే థెరపీ ఆపేస్తారేమోనని మా ఆవిడ భయం. ఏం చేయమంటారు?
– ఒక తాతగారు, బరంపురం

సమాధానం: మీ అమ్మాయిని సంతకం పెట్టమనండి. పెట్టకపోయినా థెరపీ ఆగదు, ఆపే అధికారం బడికి లేదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడిలో ఉచితంగా, ఆ బిడ్డకు తగిన విధంగా చదువు చెప్పాలని అమెరికాలో 1975లో చట్టం వచ్చింది. 1990లో దాని పేరు మారి 'ఐడియా' అయింది. దాని ప్రకారం బడివారూ తల్లిదండ్రులూ కలిసి కూర్చుని బిడ్డకు ఒక వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసుకుంటారు. దాన్నే ఐఈపీ అంటారు. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ అని ఐఈపీలో రాసి ఉంటే, డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా రాకపోయినా ఆ సేవ అందించవలసిన బాధ్యత బడిదే. వెంటిలేటరు మీద ఆధారపడిన ఒక విద్యార్థికి బడి వేళల్లో నర్సును పెట్టవలసింది కూడా బడేనని 1999లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇన్సూరెన్సు ఈ లెక్కలోకి వచ్చిన దారి వేరు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల కోసం 1965లో మొదలైన మెడికెయిడ్‌ను అక్కడి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడుపుతాయి. న్యూజెర్సీలో మీ మనవడి దగ్గర ఉన్న కార్డు మీద ఎన్‌జే ఫ్యామిలీకేర్ అని ఉంటుంది. ఐఈపీలో రాసిన సేవ చదువు కిందికి వస్తుంది కాబట్టి మెడికెయిడ్ డబ్బు ఇవ్వనక్కర్లేదన్న వాదనను 1988 నాటి చట్ట సవరణ తోసిపుచ్చింది. అప్పటి నుంచి బడి ముందుగా తన ఖర్చుతో థెరపీ ఇచ్చి, ఆ తర్వాత మెడికెయిడ్‌కు బిల్లు పెట్టి కొంత తిరిగి రాబట్టుకుంటోంది. అర్హత ఉన్న థెరపిస్టు ఏ తేదీన, ఎంతసేపు, ఏం చేశారో ప్రతిసారీ రాసి సంతకం చేస్తేనే ఆ బిల్లు చెల్లుతుంది. అలా చెల్లిన దానిలో కేంద్రం వాటా కనీసం సగం ఉంటుంది. న్యూజెర్సీలో ఈ ఏర్పాటును క్లుప్తంగా 'సెమీ' అంటారు. మీ అమ్మాయికి వచ్చిన కాగితం మీద ఆ పేరు ఉండవచ్చు.

ఆ కాగితం తల్లిదండ్రుల రక్షణ కోసం పుట్టింది. మొదటిసారి బిల్లు పెట్టే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత ఏటా హక్కుల గురించి తెలియజేస్తూ ఒక నోటీసు పంపాలి. అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఈ బిల్లు వల్ల బిడ్డకు మిగిలిన బీమా తగ్గకూడదు, ప్రీమియం పెరగకూడదు, బడి బయట జరగవలసిన వైద్యానికి కుటుంబం చేతి డబ్బు పెట్టుకోవలసిన పరిస్థితి రాకూడదు. మెడికెయిడ్‌లో చేరితేనే థెరపీ ఇస్తామని బడి షరతు పెట్టకూడదు. ఇవన్నీ నియమాల్లో స్పష్టంగా ఉన్నవే. సంతకం పెట్టమని నేను చెప్పడానికి కారణం, దానివల్ల మీ మనవడికి నష్టం లేకపోగా, అక్కడి పిల్లలకు థెరపీ ఇచ్చే వ్యవస్థకు కొంత డబ్బు తిరిగి రావడమే.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. రేపు మీ అల్లుడికి ఉద్యోగం దొరికి కంపెనీ ఇచ్చే ప్రైవేటు ఇన్సూరెన్సు వస్తే, ఇదే సంతకం దానికి వర్తించదు. ప్రైవేటు ఇన్సూరెన్సు వాడుకోవాలంటే బడి ప్రతిసారీ విడిగా అనుమతి అడగాలి. అప్పుడు మాత్రం తొందరపడకుండా, ఆ పాలసీలో థెరపీలకు ఏడాదికి ఎన్ని అనే పరిమితి ఉందేమో చూసుకుని, ఆ పరిమితి తరిగిపోయేలా ఉంటే అనుమతి ఇవ్వనక్కర్లేదు. ఇవ్వకపోయినా బడి థెరపీ ఇవ్వవలసిందే.

ప్రశ్న: మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల ఒంటి కదలికలు సరిగా ఉండవు. మూడో తరగతి, ఒడియా మీడియం ప్రభుత్వ బడి. గోడ పట్టుకుని నడుస్తుంది. వారానికి రెండుసార్లు ప్రైవేటుగా ఫిజియోథెరపీ చేయిస్తున్నాము. మా ఆయన ఆటో నడుపుతారు. హెల్త్ కార్డు తీసుకెళ్లి చూపిస్తే ఫిజియోథెరపీకి ఇది పనికిరాదని పంపేశారు. అమెరికాలో బడిలోనే ఇన్సూరెన్సు మీద చేస్తారని మా తోడికోడలు చెప్పింది. మనకు అలాంటిది లేదా అండీ? ఉండి మాకు తెలియడం లేదా?
– ఒక తల్లి, గుణుపురం

సమాధానం: అమ్మా, లేదు. ఆరోగ్య బీమాకు బడి బిల్లు పంపి డబ్బు తీసుకునే ఏర్పాటు మన దేశంలో లేదు. మీకు తెలియక పోగొట్టుకున్నది ఏదీ లేదు కాబట్టి ఆ విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

మీ కార్డును కాదన్నవారు కూడా అబద్ధం చెప్పలేదు. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వ పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమల్లోకి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఇంటి ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు అన్నది నిజమే. అయితే అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి మాత్రమే. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులూ పరీక్షలూ దాంట్లో కలుస్తాయి. రేపు మీ పాప కాలి కండరం బిగుసుకుపోయి ఆపరేషన్ అవసరమైతే ఆ కార్డు మీకు పెద్ద అండ. ఆ ఆపరేషన్ అవసరం రాకుండా కాపాడే వారం వారం ఫిజియోథెరపీకి మాత్రం అది రూపాయి ఇవ్వదు. ఇది నాకు ఎన్నాళ్లుగానో బాధ కలిగిస్తున్న లోటు. కోత పడ్డాక లక్షలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న పథకం, కోత తప్పించే కసరత్తుకు వందలు ఇవ్వలేకపోవడం సరైన ఆలోచన కాదని నేను నమ్ముతున్నాను.

అయినా మీ పాపకు థెరపీ అందే దారి ఉంది. అది ఇన్సూరెన్సు వైపు కాక చదువు వైపు నుంచి వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఇంటికి దగ్గరలోని బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. బిడ్డకు వ్యక్తిగతంగా కావలసిన సాయం చేయడం, రాకపోకలకు వాహనం, ఎక్కువ సాయం అవసరమైన బిడ్డకు తోడు వచ్చే మనిషికి కూడా ప్రయాణ సౌకర్యం కల్పించడం బడి బాధ్యతల్లో ఉన్నాయి. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కును 2012 సవరణతో విద్యాహక్కు చట్టంలో చేర్చారు.

ఈ పనులకు డబ్బు బడి చదువు కోసం ఉన్న ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష నుంచి వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల వరకు అందులో కేటాయింపు ఉంది. ఆ మొత్తం తల్లుల చేతికి ఇచ్చే నగదు అని చాలామంది పొరబడుతుంటారు. అది వైకల్యం గుర్తించే పరీక్షా శిబిరాలకు, పరికరాలకు, బ్లాకు రిసోర్స్ సెంటర్‌లో ఇచ్చే థెరపీకి, తోడు మనిషికి వాడవలసిన డబ్బు. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున 10 నెలలు ఇచ్చే స్టైపెండు మాత్రం నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీ పాప పేరు మీద ఖాతా ఉందో లేదో, ఆధార్ కలిసిందో లేదో ముందు చూసుకోండి. మీరు ప్రైవేటుగా కడుతున్న దానితో పోల్చితే ఏడాదికి 3,500 ఏ మూలకూ చాలదని నాకు తెలుసు. అందుకే ఆ కేటాయింపుతో పాటు జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా దొరికే థెరపీని కూడా కలుపుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఒక వైద్య బృందం బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించాలి. వారు రాసి ఇచ్చే చీటీతో, పిల్లల లోపాలకు తొలి దశలోనే చికిత్స చేసే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఉచితంగా చేయించుకోవచ్చు. వారం వారం రాయగడ దాకా వెళ్లడం మీకు కుదరదు. నెలకొకసారి వెళ్లి, ఇంట్లో చేయించవలసిన కసరత్తులు నేర్చుకుని, మిగిలిన వారాల్లో బ్లాకు రిసోర్స్ సెంటర్‌లోని ప్రత్యేక టీచరు సాయంతో చేయించడం మీకు వీలైన పద్ధతి అని నా ఉద్దేశం.

ఇవేవీ నోటిమాటగా అడిగితే రావు. ఒక తెల్లకాగితం మీద, ఒడియాలో రాయించి, హెడ్మాస్టరు గారి పేరిట ఒక అర్జీ, బ్లాకు విద్యాధికారి (బీఈఓ) గారి పేరిట ఒక అర్జీ ఇవ్వండి. అందులో మూడు సంగతులు అడగండి: పాపకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి, బ్లాకు థెరపీ రోజులు ఏవో రాతపూర్వకంగా తెలపాలి, రాకపోకలకు తోడు మనిషి భత్యం మంజూరు చేయాలి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్న తర్వాతే ఇంటికి రండి. ముద్ర వేయడానికి ఇష్టపడకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పిల్లల చేరికలు, సౌకర్యాల విషయం చూడడానికి జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. తర్వాత మెట్టు ఆయనే. అక్కడా కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు రాయవచ్చు. ప్రత్యేక టీచరు లేడని ఎవరైనా అంటే, ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పిందనీ, ఆ పోస్టులను ప్రకటించాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించిందనీ అర్జీలో ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు, మానసిక ఎదుగుదల తక్కువ. నిరామయ బీమా తీసుకున్నాము. ఎనిమిది నెలల స్పీచ్ థెరపీ బిల్లులు, బడిలో విడిగా చెప్పినందుకు టీచరుకు ఇచ్చిన ఫీజు కలిపి పంపితే మొత్తం తిప్పి పంపారు. ఇది కూడా పేరుకే ఉన్న పథకమా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

సమాధానం: పేరుకే ఉన్న పథకం కాదు. థెరపీకి డబ్బు తిరిగి ఇచ్చే ప్రభుత్వ బీమా మన పిల్లలకు దాదాపు ఇదొక్కటే, అందువల్ల దీన్ని వదులుకోవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. 1999 నాటి చట్టంతో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు దీన్ని నడుపుతోంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యం అనే నాలుగింటికి మాత్రమే ఇది వర్తిస్తుంది. ఏడాదికి మొత్తం లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీలకు విడిగా ఒక పరిమితి ఉంది. ముందే ఉన్న జబ్బని కాదనరు, చేరే ముందు వైద్య పరీక్షలు అడగరు. చేరడానికి రుసుము కొన్ని వందల రూపాయలే. గడువు మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఏటా రెన్యూవల్ మరిచిపోకూడదు.

మీ బిల్లులు ఎందుకు తిరిగి వచ్చాయో మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, నేను చూసిన ఒక కవరు గురించి చెబుతాను. కొన్నేళ్ల కిందట మీ ఊరి బస్టాండులోనే ఒక తండ్రి నాకు ఒక ప్లాస్టిక్ కవరు చూపించారు. అందులో అరచేయంత చీటీలు యాభైకి పైగా ఉన్నాయి. ప్రతి చీటీ మీదా నీలం పెన్నుతో 'ఫిజియో – 300' అని మాత్రమే ఉంది. బిడ్డ పేరు లేదు, చేసినవారి పేరు లేదు, కొన్నింటి మీద తేదీ కూడా లేదు. వానలో తడిసి కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన కట్టిన ప్రతి రూపాయీ నిజమే, అయినా వాటిలో ఒక్క చీటీని కూడా ఎవరూ ఆమోదించలేరు. ఆ క్లినిక్కువారు మొదటి రోజునే సరైన బిల్లు ఇవ్వవలసింది. ఇవ్వకపోవడం వల్ల ఒక కుటుంబం ఏడాది కష్టార్జితం పోయింది.

అందుకని మీరు ఇలా చేయండి. ముందుగా ప్రభుత్వ డాక్టరు చేత బిడ్డకు ఏ థెరపీ కావాలో, వారానికి ఎన్నిసార్లు కావాలో రాయించుకోండి. బిల్లు మీద క్లినిక్కు పేరు, వరుస నంబరు, బాబు పూర్తి పేరు, తేదీలు, ఎన్ని సార్లు, ఒక్కోసారికి ఎంత అన్నవి ఉండాలి. స్పీచ్ థెరపిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర ఉండాలి. నెల నెలా ఒక్క బిల్లుగా తీసుకుంటే తేలిక. అసలు బిల్లులే పంపాలి, పంపే ముందు ప్రతిదానికీ ఫొటో తీసి పెట్టుకోండి. నెలల తరబడి పోగు చేయకుండా గడువు లోపల పంపండి. మీరు ఎనిమిది నెలలవి కలిపి పంపడం కూడా ఒక కారణం కావచ్చు.

టీచరుకు ఇచ్చిన ఫీజును మాత్రం ఆ కట్టలోంచి తీసేయండి. పాఠం చెప్పినందుకు ఇచ్చిన డబ్బు ట్యూషన్ ఫీజు అవుతుంది తప్ప థెరపీ కాదు. దాన్ని థెరపీగా రాయించుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, దానివల్ల నికార్సయిన బిల్లులు కూడా అనుమానంలో పడతాయి. ఇంకొక సంగతి, ప్రభుత్వ బడిలో ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు పాఠం చెప్పడానికి విడిగా ఫీజు తీసుకోవడం తప్పు. ఆ చదువు ఉచితంగా అందవలసినది.

ప్రశ్న: నేను రాయగడలో రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయికి వినికిడి లోపం, విశాఖపట్నంలో ప్రత్యేక బడిలో చదువుతోంది. ఆఫీసు నుంచి బడి ఖర్చు, స్పీచ్ థెరపీ ఖర్చు తిరిగి వస్తాయా?
– రాయగడ

సమాధానం: బడి ఖర్చు వైపు మీకు మంచి సౌకర్యమే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు ఇచ్చే చదువు భత్యం, వైకల్యం ఉన్న బిడ్డకు మామూలు రేటుకు రెట్టింపు వస్తుంది, వయసు పరిమితి కూడా 22 ఏళ్ల వరకు ఉంది. థెరపీ మాత్రం వైద్యం కిందికి వస్తుంది కాబట్టి ముందు రైల్వే ఆస్పత్రి డాక్టరు చూసి, రెఫర్ చేస్తూ రాసి ఇవ్వాలి. ఆ రెఫరల్ లేకుండా మీరే వెళ్లి చేయించుకుని బిల్లు పెడితే అత్యవసరం కానంతవరకు చెల్లడం కష్టం. మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. వైకల్యం ఉన్న బిడ్డ బాగోగులు చూసుకుంటున్న ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించాలని కేంద్ర సిబ్బంది శాఖ 2014లో ఉత్తర్వు ఇచ్చింది. మీ అమ్మాయి థెరపీ ఒకచోట నిలకడగా సాగాలంటే అది భత్యం కన్నా ఎక్కువ ఉపయోగపడవచ్చు.

ప్రశ్న: మాది సిరొంచ. ఆస్పత్రి పని పడితే నది దాటి తెలంగాణకే వెళ్తాము. మా అబ్బాయి థెరపీకి తెలంగాణ ఆరోగ్యశ్రీ పనికొస్తుందా?
– సిరొంచ, గడ్చిరోలి జిల్లా

సమాధానం: పనికిరాదు. ఆరోగ్యశ్రీ తెలంగాణ నివాసులకు ఉద్దేశించినది. మీకు వర్తించేది మహారాష్ట్రలోని మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన, అది కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పుడు ఆదుకునేదే. ఆయుష్మాన్ కార్డు ఉంటే ఇతర రాష్ట్రాల్లో ఆ పథకంలో చేరిన ఆస్పత్రుల్లో కూడా వాడుకోవచ్చు, అదీ చేరితేనే. నది దాటినా మారనిది వైకల్య గుర్తింపు కార్డు. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది కాబట్టి ముందు దాన్ని తీసుకోండి. బడి థెరపీ, బాల స్వాస్థ్య బృందం గురించి గుణుపురం అమ్మగారికి చెప్పినవే మీకూ వర్తిస్తాయి, అర్జీ మాత్రం మరాఠీలో రాయించండి.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. పరీక్షా శిబిరంలో చూసి 'మాటలు చాలా వెనకబడ్డాయి, అర్థం చేసుకోవడం కూడా తక్కువ' అని రాశారు. ఇంట్లో మాతో తెలుగులో బాగానే మాట్లాడుతుంది, కొన్ని అక్షరాలు పలకదు, అంతే. ఈ కాగితం పెట్టి వైకల్య సర్టిఫికెట్టు, నిరామయ బీమా తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?
– ఒక తల్లి, జయపురం

సమాధానం: ఆ కాగితాన్ని అలాగే ఒప్పుకోకండి. ముందు తెలుగులో మళ్లీ పరీక్ష చేయించండి.

ఇలా చెప్పడానికి నా కళ్లముందు జరిగిన సంగతి ఒకటి ఉంది. గజపతి జిల్లాలో ఒక బ్లాకు శిబిరానికి నేను సాయంగా వెళ్లాను. పరీక్ష చేస్తున్నావిడ ఒడియావారు, మంచి మనిషి, ఓపిక ఉన్నావిడ. బొమ్మల కార్డులు ఒక్కొక్కటీ చూపిస్తూ ఒడియాలో 'ఇదేమిటి' అని అడుగుతున్నారు. ఆవు బొమ్మ చూపించగానే మన తెలుగు పాప 'ఆవు' అంది. ఒడియాలో 'ఆఉ' అంటే 'ఇంకా' అని అర్థం. పాప ఇంకో కార్డు అడుగుతోందనుకుని ఆవిడ తరువాతి కార్డు తీశారు, ఆవు పక్కన జవాబు లేదని గీత పెట్టారు. వారు ఎదురు చూస్తున్న మాట 'గాఈ'. నేను చెప్పిన తర్వాత ఆవిడ చాలా నొచ్చుకుని, మొదటి నుంచి మళ్లీ అన్ని కార్డులూ నా చేత తెలుగులో అడిగించారు. పాప ఆవు కార్డు పట్టుకుని, 'ఎర్రావు, మా నాన్నమ్మది' అంది. అర్థం చేసుకోవడంలో లోపం లేదు, కొన్ని అక్షరాల ఉచ్చారణలో మాత్రమే ఉంది.

ఇది ఆవిడ తప్పు అనడం కన్నా ఏర్పాటులోని లోపం అనాలి. మొదటి ఉత్తరంలో చెప్పుకున్న అమెరికా చట్టంలో, బిడ్డను తన సొంత భాషలోనే పరీక్షించాలని నియమంగా రాశారు. మనకు రాజ్యాంగంలోని 350ఎ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని చెబుతోంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలంటోంది. వైకల్య పరీక్షకు మాత్రం ఈ స్పృహ శిబిరాల దాకా రాలేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ ఇక్కడ తెలుగువారు ఉన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పిల్లల మాట ఏ భాషలోదో అడగకుండా మార్కులు వేయడం నన్ను బాధిస్తుంది.

మీరు సర్టిఫికెట్టుకు తొందరపడితే రెండు నష్టాలున్నాయి. లేని లోపం కాగితం మీదికి ఎక్కి, పాపను తేలిక పాఠాల దగ్గరే ఉంచేస్తారు. ఉన్న లోపానికి, అంటే ఉచ్చారణకు, అవసరమైన స్పీచ్ థెరపీ రాదు. నిరామయ బీమా కూడా ఉచ్చారణ లోపానికి వర్తించదు. అందువల్ల ముందు జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో వినికిడి పరీక్ష చేయించండి, దానికి భాషతో పని లేదు. తర్వాత తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టు దగ్గర పరీక్ష చేయించండి. దగ్గరలో దొరక్కపోతే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి నివేదికను జతచేసి, పాత కాగితాన్ని సరిచేయమని బీఈఓ కార్యాలయానికి రాయండి.

వెళ్లేలోగా రెండు పనులు చేయండి. పాప ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు ఫోనులో ఒక పది నిమిషాలు రికార్డు చేయండి. పలకలేని మాటలు ఒక పుస్తకంలో రాయండి, పాప ఎలా అంటుందో అలాగే రాయండి. పరీక్షకు వెళ్లే రోజు, ఇంట్లో పాప మాటలు ఎక్కువగా వినే మనిషి ఎవరో, అమ్మమ్మ గానీ నాన్నమ్మ గానీ, వారిని కూడా వెంట తీసుకెళ్లి థెరపిస్టు పక్కన కూర్చోబెట్టండి.